చేపల కంటే ముందు రావాల్సినవి

ఫిల్మ్‌నగర్‌లో ఆర్ట్ డిపార్ట్‌మెంట్ వాళ్లు తలుచుకుంటే రాత్రికి రాత్రి జమీందారు లోగిలి లేస్తుంది. ప్లైవుడ్డు, ప్లాస్టర్ ఆఫ్ ప్యారిస్, నాలుగు డబ్బాల రంగు ఉంటే చాలు, పాలరాతి మెట్లు, పాతకాలపు స్తంభాలు తెల్లారేసరికి సిద్ధం. పెద్దింటి హాలు సెట్ వేస్తే సోఫా వెనకాల ఓ అక్వేరియం పెట్టడమూ మామూలే. ఆ సెట్టు మొత్తంలో రాత్రికి రాత్రి తయారు కానిది ఆ ఒక్కటే. గాజు ట్యాంక్ వస్తుంది, నీళ్లు వస్తాయి, లైటు వెలుగుతుంది, గోల్డ్‌ఫిష్‌లూ వస్తాయి. ఆ నీళ్లలో చేప ప్రాణం నిలబెట్టే అసలు సరుకు మాత్రం నాలుగు నుంచి ఆరు వారాలు గడిస్తే గానీ రాదు. దాన్ని కొనితెచ్చి అమర్చలేం, పెంచుకోవాలి.

సినిమాలో జంతువును వాడాలంటే భారత జంతు సంక్షేమ మండలి అనుమతి కావాలని 2001 నాటి నిబంధనలు చెబుతున్నాయి. వాటికి మూలమైన 1960 చట్టం మనిషి తప్ప ప్రాణమున్న ప్రతి జీవినీ జంతువుగానే లెక్కగట్టింది. అంటే గుర్రానికీ ఏనుగుకూ ఉన్న రక్షణే తెర మూలన కనిపించే చేపకూ ఉంది. కానీ చట్టం చూడని ఇళ్లలో కూడా రాత్రికి రాత్రి ట్యాంకు పెట్టే కథే నడుస్తోంది. జూబ్లీహిల్స్‌లో కొత్త ఇంటి గృహప్రవేశానికి వాస్తు పేరుతో అరోవానా, పిల్లల పుట్టినరోజుకు గప్పీలు, డ్రాయింగ్ రూముకు అందమని ఫ్లవర్‌హార్న్ తెస్తారు. పొద్దున ట్యాంక్, సాయంత్రం చేపలు. మూడో రోజుకు ఒకటి నీటి మీదికి వచ్చి గాలి కోసం నోరు తెరుస్తుంది. వారం తిరిగేసరికి సగం పోతాయి. నీళ్లు అద్దంలా ఉన్నాయి, మేత సరిగ్గానే వేశాం, అమ్మినవాడే జబ్బు చేపలు అంటగట్టాడు అనుకుంటారు. చాలాసార్లు జబ్బు చేపది కాదు, ట్యాంకుది. మామూలు కంటితో చూస్తే కనపడే జబ్బు కూడా కాదు.

చేప మొప్పలతో ఊపిరి పీలుస్తుంది, ఆ మొప్పల నుంచే అమోనియాను బయటికి వదులుతుంది. తిన్న మేతలోని మాంసకృత్తుల్లో దాదాపు ఆరో వంతు నైట్రోజనే. అది ఒంట్లో ఇమడగా మిగిలింది అమోనియాగా మారి నీళ్లలో చేరుతుంది. హైదరాబాద్ షాపుల్లో తరచుగా అమ్ముడయ్యే రెండడుగుల ట్యాంకునే తీసుకుందాం. రెండడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తు ఉన్నదాంట్లో పట్టేది 56 లీటర్లు. నలభై శాతం ప్రోటీన్ ఉన్న మేత ఒక్క గ్రాము వేస్తే, ఆక్వా సాగులో వాడే లెక్క ప్రకారం, సుమారు 35 మిల్లీగ్రాముల నైట్రోజన్ అమోనియా రూపంలో బయటికి వస్తుంది. లీటరుకు పంచితే 0.6 మిల్లీగ్రాములు. అది ఒక్కరోజు లెక్క. మర్నాడు దానిమీద మరో 0.6. నదిలో అయితే ప్రవాహం మోసుకుపోతుంది, చెరువులో అయితే విశాలమైన నీరు పలచబరుస్తుంది. గాజు గోడల మధ్య అది పోగుపడటమే తప్ప పోయే దారి లేదు.

ఆ అమోనియా ఎంత విషమన్నది నీటి స్వభావం మీద ఆధారపడి ఉంటుంది. నీళ్లలో అమోనియా రెండు వేషాల్లో ఉంటుంది. విద్యుదావేశం ఉన్న అమోనియం చేపకు పెద్దగా హాని చేయదు. ఆవేశం లేని అమోనియా మొప్పల పొరల్లోంచి సులువుగా చొరబడుతుంది. లీటరుకు 0.05 మిల్లీగ్రాముల దగ్గరే మొప్పలు దెబ్బతినడం మొదలవుతుంది. ఏ వేషం ఎంత పాలు ఉంటుందో తేల్చేవి పీహెచ్, ఉష్ణోగ్రత. ముప్పై డిగ్రీల వేడిలో, పీహెచ్ 7 ఉన్న నీటిలో, మొత్తం అమోనియాలో నూటికి ఒక వంతు కూడా విషరూపంలో ఉండదు. పీహెచ్ 8కి చేరితే అది ఏడు శాతం దాటుతుంది. ఒక్క అంకె తేడాకు విషం పదింతలవుతుందన్నమాట.

ఇక్కడే జూబ్లీహిల్స్ నేల స్వభావం అడ్డొస్తుంది. 1960లలో చల్లగళ్ల నరసింహారావు చొరవతో హౌసింగ్ సొసైటీ స్థలాలు వేసినప్పుడు ఇదంతా గ్రానైటు బండల గుట్ట. ఆ బండల పగుళ్లలోంచి వచ్చే బోరు నీళ్లు సాధారణంగా కఠినం, పీహెచ్ ఏడుకు పైనే. వేసవిలో గదే ముప్పై రెండు డిగ్రీలుంటుంది. చెన్నైలో రంగుచేపల పెంపకానికి పేరుపడ్డ కొళత్తూరు లాంటి చోట్ల నుంచి సంచుల్లో వచ్చిన చేపకు ప్రయాణపు బడలిక అదనం. కొత్త ట్యాంకులో చేప నిలవకపోవడంలో ఆశ్చర్యం ఏముంది?

అలాగైతే పాత ట్యాంకుల్లో చేపలు ఏళ్ల తరబడి ఎలా బతుకుతున్నాయి? ఫిల్టర్ స్పాంజికి, గులకరాళ్లకు, గాజుకు పట్టిన సన్నని జిగురు పొరలో దానికి జవాబు ఉంది. అందులో ఒక రకం బాక్టీరియా అమోనియాను ఆక్సిజన్‌తో కలిపి నైట్రైట్‌గా మారుస్తుంది. ఆ మార్పులో పుట్టే శక్తే దాని తిండి. ఇంకో రకం ఆ నైట్రైట్‌ను అందుకుని నైట్రేట్‌గా మారుస్తుంది. నైట్రేట్ అంత ప్రమాదకారి కాదు. ఈ రెండంచెల పని నడిచినన్నాళ్లూ చేప వదిలిన విషం గంటల్లోనే హరించుకుపోతుంది.

ఈ బాక్టీరియాను తొలిసారి వేరుచేసి చూపించినవారిలో ముఖ్యుడు సెర్గేయ్ వినొగ్రాడ్‌స్కీ. 1890లో జ్యూరిక్‌లో ఉండగా ఆయన ఈ పని చేశాడు. అంతకుముందు ప్రయత్నించినవాళ్లు మామూలు సూక్ష్మజీవులను పెంచినట్టే వీటికీ జెలటిన్ పెట్టి చూశారు, పెరగలేదు. వినొగ్రాడ్‌స్కీ సేంద్రియ పదార్థమే లేని లవణాల ద్రావణంలో పెంచాడు. ఇవి చక్కెరలూ మాంసకృత్తులూ తినవు. మొక్కలాగే కార్బన్ డయాక్సైడ్ నుంచి ఒళ్లు కట్టుకుంటాయి, ఎండకు బదులు అమోనియా నుంచి శక్తి తీసుకుంటాయి. వెలుతురుతో పనిలేకుండా, రసాయన శక్తితోనే తమ శరీరం తామే నిర్మించుకునే జీవులున్నాయని లోకం నమ్మడానికి ఆ ప్రయోగాలు పునాది వేశాయి.

వీటి పేరు తెలియకముందే తెలుగు నేల వీటి పనిని వాడుకుంది. పశువుల పాకల్లో, పాత మట్టిగోడల అడుగున తెల్లగా పూసే ఉప్పును గీకి, నీళ్లలో కరిగించి, కాచి సురేకారం తీసేవారు. పెట్లుప్పు అన్నా అదే. పశువుల మూత్రంలోంచి వచ్చిన అమోనియాను మట్టిలోని ఈ బాక్టీరియాయే నైట్రేట్‌గా మారిస్తే, అది నేల మీదికి ఉప్పుగా ఎగబాకేది. తుపాకి మందులో దాదాపు నాలుగింట మూడు వంతులు సురేకారమే. పదిహేడో శతాబ్దంలో కోరమండల్ తీరం నుంచి డచ్చి, ఇంగ్లీషు ఓడలు సురేకారాన్ని మోసుకెళ్లాయి. ఫిల్మ్‌నగర్‌కు కొద్ది కిలోమీటర్ల దూరంలోని గోల్కొండ కోటను 1687లో ఔరంగజేబు సేన ఎనిమిది నెలలు ముట్టడించినప్పుడు ఇరువైపులా పేలిన ఫిరంగుల్లోని మందు కూడా ఎక్కడో ఏదో మట్టిలో ఈ సూక్ష్మజీవులు వండిపెట్టిన నైట్రేటే. గోడ మీది ఉప్పు, ఫిరంగి పొగ, ట్యాంకులోని నైట్రేట్ ఒక్క వంశానివే అని తెలిస్తే ఆ నీటి పెట్టె మీద గౌరవం పెరగక మానదు.

వీటితో వచ్చే చిక్కల్లా నెమ్మదితనమే. పేగుల్లో ఉండే ఈ.కోలై అనుకూలమైన చోట ఇరవై నిమిషాలకోసారి రెట్టింపవుతుంది. అమోనియాను తినేవాటికి రెట్టింపవడానికి ఎంత అనుకూలమైన చోటైనా గంటలు పడుతుంది, ఇంటి ట్యాంకులో ఒక రోజు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ. నైట్రైట్‌ను తినేవి ఇంకా నిదానం. పైగా వాటికి తిండి దొరకాలంటే మొదటివి నైట్రైట్ చేసి పెట్టాలి కదా. అందుకే కొత్త ట్యాంకులో ముందు అమోనియా పెరుగుతుంది, అది తగ్గే వేళకు నైట్రైట్ పైకి లేస్తుంది, చివరికి అదీ తగ్గి నైట్రేట్ కనిపిస్తుంది. ఆ మధ్య దశ ఎన్నో చేపలను బలి తీసుకుంటుంది. నైట్రైట్ చేప రక్తంలోకి చేరి హిమోగ్లోబిన్‌ను ఆక్సిజన్ మోయలేని రూపంలోకి మారుస్తుంది. రక్తం ముదురు గోధుమరంగుకు తిరుగుతుంది. నీళ్ల నిండా ఆక్సిజన్ ఉన్నా చేప ఉక్కిరిబిక్కిరవుతుంది. నైట్రైట్, క్లోరైడ్ రెండూ మొప్పల్లో ఒకే దారిన లోపలికి వస్తాయి కనుక నీళ్లలో కొంచెం ఉప్పు ఉంటే నైట్రైట్‌కు ఆ దారి ఇరుకవుతుంది. ఉప్పు శాతం తక్కువున్న చెరువుల్లో వెనామీ రొయ్య నైట్రైట్‌కు ఎక్కువగా నష్టపోవడానికి కారణం కూడా ఇదే.

భీమవరం, కైకలూరు వైపు ఆక్వా రైతులకు ఇది కొత్త పాఠం కాదు. సీసాలో చెరువు నీళ్లు పట్టుకుని ల్యాబుకు వెళ్లి అమోనియా ఎంత, నైట్రైట్ ఎంత అని అడగడం అక్కడ నిత్యవ్యవహారం. 2009లో వెనామీ సాగుకు అనుమతి వచ్చి, ఎకరాకు వేసే పిల్ల సంఖ్య పెరిగాక ఆ అంకెలు పంటను నిలబెట్టేవీ ముంచేవీ అయ్యాయి. కొందరు చెరువులో బెల్లం కలుపుతారు. అది రొయ్యలకు కాదు. బెల్లంలోని కర్బనం దొరికితే వేరే జాతి బాక్టీరియా వేగంగా పెరిగి అమోనియాను తమ ఒంట్లో కలుపుకుంటుంది. బయోఫ్లాక్ అనే సాగు పద్ధతికి ఆధారం అదే. అక్కడ రైతు రోజూ కొలిచే అంకెలను ఇక్కడ అరోవానాకు వేలు పోసేవాళ్లు ఒక్కసారీ కొలవరు. అక్వేరియం షాపుల్లో టెస్ట్ కిట్ అరుదుగా అడిగే వస్తువు కావడం విచారకరం.

ఈ బాక్టీరియా ఏవన్న ప్రశ్నకు జవాబు మాత్రం పుస్తకాల్లో చాలాకాలం తప్పుగానే ఉంది. నైట్రైట్‌ను మార్చేది నైట్రోబాక్టర్ అని ప్రతి అక్వేరియం పుస్తకమూ రాసేది. 1998లో టిమ్ హోవనెక్ బృందం మంచినీటి ట్యాంకుల్లో వెతికితే దొరికింది నైట్రోస్పైరా. 2005లో సియాటిల్ అక్వేరియంలోని ఒక ఉష్ణమండల సముద్రపు ట్యాంకు గులకరాళ్ల నుంచి శాస్త్రవేత్తలు అమోనియాను తినే జీవిని వేరుచేస్తే అది బాక్టీరియాయే కాదని, ఆర్కియా అనే మరో జీవసామ్రాజ్యానికి చెందిందని తేలింది. మంచినీటి అక్వేరియం ఫిల్టర్లలో కూడా చాలాచోట్ల వీటిదే పైచేయి అని 2011లో కెనడాలోని వాటర్లూ విశ్వవిద్యాలయం వారు చూపించారు. 2015లో మరో సంగతి బయటపడింది. నెదర్లాండ్స్‌లోని నైమెగెన్ పరిశోధకులు కార్ప్ చేపల తొట్టెల ఫిల్టర్ నుంచి పెంచిన నైట్రోస్పైరా రెండంచెల పనినీ ఒంటిచేత్తో చేస్తోంది. వినొగ్రాడ్‌స్కీ నాటి నుంచి ఎవరూ చూడనిదది. చేపల ఫిల్టర్లో దొరకడం యాదృచ్ఛికం కాదు. అమోనియా కొద్దికొద్దిగా, ఎడతెగకుండా అందే చోటు దానికి సరిపోతుంది.

మరి ఇంట్లో ఈ చక్రాన్ని మొదలుపెట్టేదెలా? చేపలు లేకుండా మొదలుపెట్టడమే మానవత్వం, అదే తేలిక కూడా. ట్యాంకులో నీళ్లు నింపి, ఫిల్టర్, ఎయిర్ పంపు నడిపి, కొద్దిగా అమ్మోనియం క్లోరైడ్ వేయాలి. ఇత్తడి గిన్నెలకు కళాయి వేసేవాళ్లు వాడే నవసాగరం ఇదే, అయితే ట్యాంకుకు ల్యాబు సరుకే వాడాలి. లీటరుకు 2 మిల్లీగ్రాముల అమోనియా రావాలంటే రెండడుగుల ట్యాంకుకు 0.36 గ్రాములు చాలు. అది దొరకకపోతే రోజూ చిటికెడు మేత వేసి కుళ్లనిచ్చినా పని జరుగుతుంది, కాకపోతే ఎంత అమోనియా వచ్చిందో లెక్క తెలియదు. అమోనియా పడిపోయినప్పుడల్లా మళ్లీ అంతే వేస్తూ పోవాలి. నైట్రైట్ అంకె బెదిరించేంతగా పెరగడం సహజం. ఒక మిల్లీగ్రాము అమోనియా బరువు లెక్కన 2.7 మిల్లీగ్రాముల నైట్రైట్‌గా, 3.65 మిల్లీగ్రాముల నైట్రేట్‌గా మారుతుంది. 2 మిల్లీగ్రాములు వేసిన ఇరవై నాలుగు గంటలకు అమోనియా, నైట్రైట్ రెండూ సున్నా చూపిస్తే ట్యాంకు సిద్ధమైనట్టు.

నీళ్ల విషయంలో రెండు జాగ్రత్తలు. మంజీర, కృష్ణా, గోదావరి నుంచి నగరానికి వచ్చే కుళాయి నీళ్లలో క్లోరిన్ ఉంటుంది. మనకు రక్షణ ఇచ్చే ఆ క్లోరిన్ చేప మొప్పలకూ, మనం పెంచాలనుకున్న బాక్టీరియాకూ శత్రువే. ఒక రోజు నీళ్లను వెడల్పాటి తొట్టిలో గాలి కొట్టి ఉంచినా, షాపులో యాంటీక్లోరిన్ అని అమ్మే సోడియం థయోసల్ఫేట్ చుక్కలు వేసినా పోతుంది. రెండోది, శుద్ధమైనవి కదా అని వంటింటి ఆర్‌ఓ నీళ్లు మాత్రమే పోయకూడదు. ఒక మిల్లీగ్రాము అమోనియా నైట్రోజన్ (అమోనియా రూపంలోని నైట్రోజన్) నైట్రేట్‌గా మారేటప్పుడు 7.14 మిల్లీగ్రాముల క్షారం ఖర్చవుతుంది. ఆర్‌ఓ నీళ్లలో ఆ నిల్వే ఉండదు. పీహెచ్ జారిపోయి ఆరు దగ్గరకొస్తే బాక్టీరియా పని దాదాపు నిలిచిపోతుంది. మనం తిట్టుకునే కఠినమైన బోరు నీళ్లు ఈ ఒక్క పనికి మాత్రం మేలైనవి.

తొందరగా కావాలంటే ఒకటే దారి. ఏళ్లుగా ఆరోగ్యంగా నడుస్తున్న ట్యాంకు నుంచి స్పాంజి ముక్క తెచ్చి కొత్త ఫిల్టర్లో పెట్టడం. పాలలో పెరుగు తోడు వేసినట్టే. పాత ట్యాంకు నీళ్లు తెచ్చి పోస్తే ప్రయోజనం తక్కువ, ఎందుకంటే ఈ జీవులు నీళ్లలో తేలుతూ ఉండవు, ఏదో ఒక దానికి అంటుకుని ఉంటాయి. స్పాంజి తడి ఆరకుండా, గంటల్లో చేరవేయాలి. ఊరూపేరూ తెలియని షాపు ట్యాంకు నుంచి తెస్తే జబ్బులూ వెంట వస్తాయి. సీసాల్లో అమ్మే బాక్టీరియా సంగతి అంత ధీమాగా చెప్పలేం. ఇవి ఎండిపోయినా కాపాడుకునేందుకు విత్తు లాంటి బీజకణాలను తయారుచేయవు. నలభై రెండు డిగ్రీల మే నెలలో లారీలో, గోదాములో మగ్గిన సీసాలో ఎన్ని బతికి ఉంటాయో అనుమానమే.

మొదటి వారంలో నీళ్లు పాలలా తెల్లబడితే కంగారుపడి మొత్తం పారబోసేవాళ్లు ఎక్కువ. ఆ తెలుపు మిగిలిన మేతను తినే వేరే బాక్టీరియాది, దానంతట అదే పోతుంది. అంతకన్నా నష్టం చేసేది శుభ్రత మీద మక్కువ. పనివాళ్లు ఆదివారం నాడు స్పాంజిని కుళాయి కింద పిండి తెల్లగా చేసి పెడతారు. క్లోరిన్ తగిలి, జిగురు కొట్టుకుపోయి, ట్యాంకు మళ్లీ మొదటి రోజుకు వెళ్తుంది. ట్యాంకులోంచి తీసిన నీళ్లలోనే స్పాంజిని రెండుసార్లు నెమ్మదిగా పిండితే చాలు. కరెంటు గంటల తరబడి పోయినా ఇబ్బందే. ఒక మిల్లీగ్రాము అమోనియా నైట్రోజన్‌ను పూర్తిగా మార్చడానికి 4.57 మిల్లీగ్రాముల ఆక్సిజన్ కావాలి. నీళ్లు కదలకపోతే ఫిల్టర్ డబ్బాలో ఆక్సిజన్ అడుగంటుతుంది.

ఈ చివరి అంకెను జూబ్లీహిల్స్ పక్కనే ఉన్న దుర్గం చెరువుకు వర్తింపజేసి చూస్తే దాని అర్థం పెద్దదవుతుంది. ఒకప్పుడు గోల్కొండకు తాగునీరిచ్చిన చెరువు అది. 2020లో తీగల వంతెన వచ్చాక నగరమంతా దాని ఒడ్డుకు చేరింది. చుట్టూ కాలనీలు లేచాక మురుగు దాంట్లోకి చేరడం, గుర్రపుడెక్క పరుచుకోవడం, ఎండాకాలం కంపు కొట్టడం అందరూ చూసినవే. ముప్పై డిగ్రీల నీటిలో కరిగి ఉండగల ఆక్సిజన్ లీటరుకు ఏడున్నర మిల్లీగ్రాములకు మించదు. శుద్ధి చేయని మురుగుతో రెండు మిల్లీగ్రాముల అమోనియా నైట్రోజన్ వచ్చి చేరితే దాన్ని మార్చడానికి తొమ్మిది మిల్లీగ్రాములకు పైగా కావాలి. చెరువు తన దగ్గర లేని సొమ్ముతో అప్పు తీర్చాల్సి వస్తుంది, ఆ లోటు చేపల మీద పడుతుంది. అందుకే మురుగు శుద్ధి కేంద్రాల్లో గాలి కొట్టే తొట్లు ఉంటాయి. అక్కడా పనిచేసేది ఈ సూక్ష్మజీవులే, కొత్త కేంద్రం మొదలుపెట్టినప్పుడు నడుస్తున్న కేంద్రం నుంచి బురద తెచ్చి వేయడమూ ఉంది. ఇంటి ట్యాంకు అమోనియా ఎక్కడికి పోతుందో అర్థమైన పిల్లవాడికి దుర్గం చెరువుకు ఏమైందో ఒకరు చెప్పనక్కర్లేదు.

ట్యాంకు సిద్ధమయ్యాక ఒకేసారి ఇరవై చేపలు వేయకూడదు. బాక్టీరియా ఎంత తిండి ఉంటే అంతే ఉంటుంది, ఎక్కువ వస్తే పెరగడానికి దానికి రోజులు కావాలి. మన వాగుల్లోనే పుట్టిన జీబ్రా చేపలు నాలుగైదుతో మొదలుపెట్టి, వారం ఆగి, కిట్‌తో చూసి మరికొన్ని వేసుకోవచ్చు. ఆ తర్వాత మిగిలేది నైట్రేట్. ఆక్సిజన్ లేని చోట దాన్ని తిరిగి నైట్రోజన్ వాయువుగా మార్చే బాక్టీరియా వేరే ఉంది గానీ, గాలి బాగా ఆడే ఇంటి ట్యాంకులో దానికి చోటు తక్కువ. కనుక లీటరుకు నలభై మిల్లీగ్రాములు దాటకుండా వారానికోసారి పావు వంతు నీళ్లు మార్చాలి. జూబ్లీహిల్స్ బోరు నీళ్లనూ ఒకసారి పరీక్షించుకోవడం మంచిది, హైదరాబాద్‌లో చాలా బోర్లలో నైట్రేట్ ముందే ఎక్కువగా ఉంటోంది, తాగునీటికి దేశ ప్రమాణం లీటరుకు 45 మిల్లీగ్రాములు. మనీప్లాంట్ తీగ వేళ్లను ట్యాంకు నీళ్లలోకి వేలాడదీస్తే అది కొంత నైట్రేట్ పీల్చుకుంటుంది. తీసిన నీళ్లను, ఉప్పు వాడకపోయి ఉంటే, డాబా మీది కుండీలకు పోయవచ్చు. కరివేపాకుకు, మల్లెకు అది యూరియా చేసే పనే చేస్తుంది.